ప్రెయిరీ డాగ్, త్రీ నాట్ త్రీ, మా తాతగారి తుపాకీ

చాలా రోజులైంది ఈ బ్లాగు మొహం చూసి. రిలీజులు, ప్యాచ్‌లు, మళ్ళీ రిలీజులు... మీకు చెప్పక్కర్లేదు, మీరంతా అదే బాపతు. ఈసారి రాయకపోతే కుదరని పరిస్థితి వచ్చింది. ఎందుకంటే వచ్చే నెలలోగా నేనొక తుపాకీ సంగతి తేల్చాలి. కంగారు పడకండి, ఎవర్నీ కాల్చటానికి కాదు. కథ కొంచెం పెద్దది, డెన్వర్ దగ్గర మొదలై పెద్దాపురంలో తేలుతుంది. టీ తెచ్చుకుని కూచోండి.

రెండేళ్ళ క్రితం ఆన్‌సైటుకని కొలరాడోలో ఎనిమిది నెలలున్నాను. అక్కడ మా టీమ్‌లో ఒక పెద్దాయన, యాభై దాటినవాడు, డేటాబేస్ మనిషి. సోమవారం పొద్దున్నే స్టేటస్ కాల్‌కి ముందు ఆయన మాట్లాడే ఒకే ఒక్క విషయం, వారాంతంలో ప్రెయిరీ డాగ్‌ల వేట. పేరులో డాగ్ అని ఉంది కానీ అది కుక్క కాదు, ఉడుత జాతి. కిలో అటూ ఇటూ బరువుంటుంది. నేలలో బొరియలు తవ్వుకుని గుంపులుగా, ఊళ్ళకి ఊళ్ళే కట్టుకుని బతుకుతుంది. పశువుల మేతంతా తినేస్తోందని, బొరియల్లో పశువుల కాళ్ళు పడి విరుగుతున్నాయని అక్కడి రైతులకి దీనంటే పడదు. మన పొలాల్లో ఎలుక ఎలాగో వాళ్ళ గడ్డి మైదానాల్లో ఇది అలాగ.

ఒకరోజు లంచ్‌లో ఆయన నన్ను అడిగాడు, "నువ్వైతే ఏ క్యాలిబర్ తీసుకుంటావ్?" అని. నాకు తెలిసిన క్యాలిబర్లు రెండే. ఒకటి సినిమాల్లో పోలీసులు పట్టుకునే త్రీ నాట్ త్రీ. రెండోది మా తాతగారి పన్నెండు బోరు. త్రీ నాట్ త్రీ అన్నాను. ఆయన నవ్వాడు. కిలో జంతువుకి అదేంటయ్యా, అని కాగితం తీసి లెక్కలు మొదలెట్టాడు. మామూలుగా ఎవరైనా తుపాకుల గురించి చెప్తుంటే నాకు నిద్రొస్తుంది. కానీ ఈయన చెప్పిన పద్ధతి అచ్చం మనం సర్వర్ సైజింగ్ చేసుకున్నట్టే ఉంది.

ఆయన లెక్క ఇదీ. వంద గజాల లోపలైతే మామూలు పాయింట్ టూ టూ చాలు. తూటా రెండున్నర గ్రాములు, చప్పుడు తక్కువ, ఖర్చు తక్కువ. కానీ నాలుగైదు సార్లు పేలేసరికి ఊరంతా బొరియల్లోకి దూరిపోతుంది, ఆ తర్వాత దూరం నించే కొట్టాలి. 2002లో వచ్చిన .17 హెచ్‌ఎంఆర్ తూటా బరువు ఒక గ్రామే, నూట యాభై గజాల దాకా గీత గీసినట్టు పోతుంది. కానీ గాలొస్తే పక్కకి జరిగిపోతుంది. ఆ మైదానాల్లో గాలి లేని రోజు ఎప్పుడని! మూడు వందల గజాలంటే .223 రెమింగ్టన్. ఇంకా వేగం కావాలంటే .22-250. అది 1930ల నించీ తుపాకుల పిచ్చోళ్ళు ఇళ్ళల్లో సొంతంగా తయారుచేసుకున్న తూటా, 1965లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని తన కేటలాగులోకి తీసుకుంది (మన ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టుని పెద్ద కంపెనీ ఎత్తుకున్నట్టు). 1935లోనే వచ్చిన .220 స్విఫ్ట్ సెకనుకి నాలుగు వేల అడుగులు దాటింది, కాకపోతే గొట్టం తొందరగా అరిగిపోతుందని దాని మీద అపవాదు. 2004లో వచ్చిన .204 రూగర్ కూడా ఆ వేగమే. మరీ గాలి ఎక్కువుంటే 1955 నాటి .243 విన్‌చెస్టర్, బరువైన తూటా కాబట్టి గాలికి అంతగా వంగదు, కానీ భుజానికి దెబ్బ ఎక్కువ. రోజంతా వందల తూటాలు కాల్చేవాడికి ఆ దెబ్బ, గొట్టం వేడెక్కటం, తూటా ధర, ఇవే అసలు సమస్యలు. అందుకని ఆయన రెండు రైఫిళ్ళు పట్టుకెళ్తాడు, ఒకటి చల్లారేలోగా రెండోది. లోడ్ బ్యాలెన్సింగ్ అన్నమాట :)

నన్నూ రమ్మన్నాడు. వీసా మీదున్నవాళ్ళు అమెరికాలో తుపాకీ పట్టుకోకూడదని ఫెడరల్ చట్టం, వేట లైసెన్సు తీసుకోవటంలాంటి కొన్ని మినహాయింపులున్నాయి. హెచ్ వన్ బీ గొడవలు నాకు ముందే బోలెడున్నాయి, అందులో ఇదొకటి ఎందుకని వెళ్ళలేదు. నిజం చెప్పొద్దూ, వెళ్ళాలనీ అనిపించలేదు. తినని జంతువుని రోజంతా కొట్టి అక్కడే వదిలేసి రావటం నా మనసుకి ఎక్కలేదు. పైగా నల్లకాళ్ళ ఫెరెట్ అని ముంగిసలాంటి జంతువొకటి ఈ ప్రెయిరీ డాగ్‌ల మీదే ఆధారపడి బతుకుతుంది. ఇవి పోయేసరికి అదీ పోయింది, అంతరించిందనే అనుకున్నారు. 1981లో వ్యోమింగ్‌లో ఒక పెంపుడు కుక్క చచ్చిన ఫెరెట్ ఒకదాన్ని ఇంటికి తెచ్చాకే ఇంకా ఉన్నాయని తెలిసింది.

అయితే నా బుర్రలో ఉండిపోయింది ఆ వేట కాదు, ఆయన కాగితం. దూరం, గాలి, వేడి, ఖర్చు. ఆయన తుపాకీని ఎంచుకోవటంలో ప్రకృతి ఉంది, జేబు ఉంది. ప్రభుత్వం ఎక్కడా లేదు. .223 అంటే అమెరికా సైన్యం ఎం16 కోసం పుట్టిన తూటాకి కవల. సైన్యానికి పనికొచ్చింది కాబట్టి చవగ్గా, విరివిగా దొరుకుతుంది, కాబట్టి రైతూ అదే కొంటాడు. మన దగ్గర సరిగ్గా దీనికి రివర్సు. సైన్యానికి పనికొచ్చిన తూటా ఏదైనా సరే, ఆ ఒక్క కారణానికే మామూలు మనిషికి దొరక్కూడదు.

ఇది నాకెలా తెలిసిందంటే, మా తాతగారి పోరు వల్ల.

మా తాతగారిది పెద్దాపురం దగ్గర మెట్ట ఊరు. డెల్టా అనగానే అందరూ కాలవలు, వరిచేలు, కొబ్బరిచెట్లు అనుకుంటారు గానీ, సామర్లకోట దాటి పెద్దాపురం వచ్చేసరికి నేల ఎత్తవుతుంది, పాండవుల మెట్ట కనిపిస్తుంది, ఇంకా పైకి పోతే ఏలేశ్వరం, ఆ పైన ఏజెన్సీ. ఊరికి కింద కాలవ నీళ్ళు, పైన అడవి. ఆ అడవిలోంచి పందులొచ్చి చెరుకు తోటల్లో పడేవి. వాటి కోసం తాతగారు లైసెన్సు తెచ్చుకున్న తుపాకీ పన్నెండు బోరు, ఒంటి గొట్టం. లైసెన్సు పుస్తకంలో 'ఎస్ బీ బీ ఎల్' అని రాస్తారు. నలభై గజాలు దాటితే దానికీ బెదిరింపుకీ తేడా లేదు. తాతగారు దాన్ని ఎక్కువగా గాల్లోకే పేల్చేవారు, పందులు పరిగెత్తేవి, మర్నాడు మళ్ళీ వచ్చేవి.

బోరు అన్న మాటకి అర్థం కూడా ఆయనే చెప్పారు నాకు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఏ గొట్టంలో సరిగ్గా పడుతుందో అది పన్నెండు బోరు. అంటే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నమవుతుంది. క్యాలిబర్ అలా కాదు, గొట్టం వెడల్పుని అంగుళాల్లో చెప్పటం. .303 అంటే అంగుళంలో వెయ్యింట 303 వంతులు. ఈ రెండు పద్ధతులూ కలిపి వాడే ఇండస్ట్రీని చూస్తే మన డేట్ ఫార్మాట్ల గొడవ చాలా నయమనిపిస్తుంది.

తాతగారికి రైఫిల్ కావాలని జీవితమంతా కోరిక. "షాట్‌గన్ను కుక్కల్ని బెదిరించటానికిరా, రైఫిలంటే రైఫిలు" అనేవారు. ఆయన అడిగింది త్రీ నాట్ త్రీ కాదు, త్రీ వన్ ఫైవ్. నేను చిన్నప్పుడు అది త్రీ నాట్ త్రీ కంటే కొంచెం పెద్దదేమో, అందుకని అడుగుతున్నారేమో అనుకున్నా. ఎందుకు 315 అంటే "అదే ఇస్తారు" అన్నారు. ఆ రెండు మాటల వెనక నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉందని మొన్న మొన్నటిదాకా తెలీదు.

చరిత్రంటే ముందు మా వైపుదే చెప్పుకుందాం. 1758 డిసెంబరులో గొల్లప్రోలు పక్కన చందుర్తి దగ్గర ఒక యుద్ధం జరిగింది. ఇంగ్లీషు పుస్తకాల్లో కాండోర్ అని రాస్తారు, మన చందుర్తే. ఒకవైపు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్, ఇంకోవైపు బెంగాల్ నించి క్లైవు పంపిన కర్నల్ ఫోర్డ్, ఆయనకి తోడు విజయనగరం ఆనంద గజపతి రాజు. పెద్దాపురం నించి బండి మీద గంటలో వెళ్ళొచ్చు ఆ ఊరికి. అప్పటి ఇంగ్లీషు వాళ్ళ తుపాకీ బ్రౌన్ బెస్, గొట్టం ముప్పావు అంగుళం. ఫ్రెంచి వాళ్ళది కొంచెం సన్నం, .69. రెండూ నున్నటి గొట్టాలే, రెండూ చెకుముకి రాయితో పేలేవే. రాజు గారి బలగంలో కొందరికే తుపాకులు, మిగతావాళ్ళ చేతుల్లో ఈటెలు, విల్లంబులు.

ఆ యుద్ధంలో నాకు ఆసక్తిగా అనిపించింది తుపాకీ కాదు, చొక్కా. కంపెనీ సిపాయిలు వేసుకున్నవి ఎర్ర కోట్లు. అసలు ఇంగ్లీషు పటాలం ఎత్తుగా పెరిగిన చేను వెనక ఉండిపోయింది. ఫ్రెంచి వాళ్ళు ఎర్ర కోట్లేసుకున్న మన సిపాయిల్ని చూసి వీళ్ళే ఇంగ్లీషు వాళ్ళనుకుని బలమంతా వాళ్ళ మీద పెట్టారు. ఈలోగా చేను వెనకనించి అసలు వాళ్ళు బయటికొచ్చారు. పోరు అక్కడే తిరగబడింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా పోయింది, ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచి వాళ్ళ కథ ముగిసింది. అంటే ఆ రోజుకి తెల్లవాడి చేతిలోనూ, తెలుగు సిపాయి చేతిలోనూ ఉన్నది దాదాపు ఒకే తుపాకీ. దూరం నించి చూస్తే ఎవరు ఎవరో తెలియనంతగా!

వందేళ్ళ తర్వాత ఈ పొరపాటు ఇక ఎవరూ పడకుండా చేశారు. 1857 తిరుగుబాటు అయ్యేసరికి ఇంగ్లీషు వాళ్ళకి గుండె గుభేలుమంది. అప్పటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్ .577 క్యాలిబర్, గొట్టం లోపల మెలికల గాడులుంటాయి, వాటివల్ల గుండు తిరుగుతూ పోతుంది, వందల గజాలు సూటిగా వెళ్తుంది. రైఫిల్ అన్న పేరే ఆ గాడుల వల్ల వచ్చింది. తిరుగుబాటు తర్వాత నేటివ్ పటాలాలకి ఇవ్వాల్సిన తుపాకుల్లో ఆ గాడుల్ని తొలిచి పారేసి, గొట్టం .656కి వెడల్పు చేసి, నున్నగా తయారుచేయించారు. పైనించి చూస్తే అదే ఎన్‌ఫీల్డ్. లోపల యాభై ఏళ్ళ వెనకటి మస్కెట్టు.

ఇది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. మన ఫీల్డులో దీన్ని ఏమంటామో మీకు తెలుసు. హార్డ్‌వేర్ ఒకటే, ఫీచర్ డిసేబుల్ చేసి తక్కువ వెర్షన్‌గా అమ్మటం. కాకపోతే ఇక్కడ డిసేబుల్ చేసింది డబ్బుల కోసం కాదు.

ఆ తర్వాత అదే పాలసీ అయింది. తెల్ల సైన్యానికి మార్టినీ-హెన్రీ వస్తే మన సిపాయికి వాళ్ళు వదిలేసిన స్నైడరు. వాళ్ళకి 1888 తర్వాత .303 లీ-మెట్‌ఫర్డ్ వస్తే మనకి వాళ్ళు వదిలేసిన మార్టినీ. ఎప్పుడూ ఒక తరం వెనక. ఇక పోలీసు సంగతి మరీ దారుణం. .303 రైఫిల్‌నే తీసుకుని ఇషాపూర్ ఫ్యాక్టరీలో గొట్టం .410కి తొలిచి, గాడులు తీసేసి, ఒక్కో తూటా చేత్తో పెట్టుకునేలా మ్యాగజైను మూసేసి పోలీసులకీ జైలు కాపలాదార్లకీ ఇచ్చారు. దాని తూటా కూడా ప్రత్యేకం, .303 గొట్టాన్ని సాగదీసి చేసింది. బయట దొరికే .410 షాట్‌గన్ తూటా అందులో సరిగ్గా పట్టదు, సైన్యం తూటా కూడా పట్టదు. ఎవడైనా ఎత్తుకుపోయినా తూటాల కోసం మళ్ళీ సర్కారు దగ్గరికే రావాలి. నాకు తెలిసి ప్రపంచంలో మొదటి వెండార్ లాకిన్‌లలో ఇదొకటి.

అది సిపాయిల సంగతి. మామూలు జనానికి 1878 ఆయుధాల చట్టం వచ్చింది, వైస్రాయి లిట్టన్ హయాంలో. లైసెన్సు లేకుండా ఎవరూ ఆయుధం పెట్టుకోకూడదు. యూరోపియన్లకి మినహాయింపు. గాంధీగారంతటి అహింసావాది కూడా ఒక జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఈ చట్టాన్ని ఇంగ్లీషు పాలనలోని మహా పాపాల్లో ఒకటిగా లెక్కేశారంటే చూడండి. చట్టం వచ్చిన ఏడాదికే, 1879 మార్చిలో, మా పైనున్న రంప కొండల్లో తిరుగుబాటు లేచింది. మునసబుదారు దోపిడీ, కల్లు గీసుకునే దాని మీద పన్ను, పోలీసుల జులుం. తమ్మన్నదొర, చంద్రయ్య లాంటివాళ్ళు నడిపారు. నాటు తుపాకులతో, విల్లంబులతో మొదలుపెట్టినదాన్ని అణచటానికి మద్రాసు సైన్యం దిగాల్సొచ్చింది.

ఇక అల్లూరి సీతారామరాజు. సినిమాల వల్ల అందరికీ తెలిసిన కథే, కానీ దాన్ని తూటాల లెక్కగా ఎప్పుడైనా చూశారా? 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను. 11 తుపాకులు, 1390 తూటాలు. ఏమేం తీసుకున్నదీ రికార్డు పుస్తకంలో రాసి రాజు సంతకం పెట్టాడు. 23న కృష్ణదేవిపేట, 7 తుపాకులు. 24న రాజవొమ్మంగి, 8 తుపాకులు, 825 తూటాలు, అక్కడే బందీగా ఉన్న వీరయ్యదొర విడుదల. మూడు రోజులు, మూడు స్టేషన్లు, మొత్తం 26 తుపాకులు, రెండున్నర వేల తూటాల చిల్లర.

తుపాకీకి వంద తూటాలన్నమాట. డెన్వర్ పెద్దాయన ఒక శనివారం సాయంత్రానికి ఉడుతల మీద కాల్చేసే లెక్క అది.

దానితో మన్యం వాళ్ళు దాదాపు రెండేళ్ళు లాగారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికార్లని పడగొట్టారు. అడవి వాళ్ళది, దారి వాళ్ళది, గురి వాళ్ళది. తూటా మాత్రం సర్కారుది. అయిపోతే తయారుచేసుకోటానికి లేదు, కొనుక్కోటానికి లేదు, మళ్ళీ ఇంకో స్టేషను మీద పడాలి. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్ల మీద పడేసరికి సర్కారుకి ఈ సంగతి అర్థమైపోయింది, అక్కడ పెద్దగా ఆయుధాలు దొరకలేదు. డిసెంబరు నించీ మలబారు స్పెషల్ పోలీసులు, తర్వాత అస్సాం రైఫిల్స్. 1924 మే 7న రాజు కథ ముగిసింది. చరిత్ర పుస్తకాల్లో దీని గురించి శౌర్యం, త్యాగం, ద్రోహం అని రాస్తారు, అవన్నీ నిజాలే. సప్లై చైన్ గురించి ఎవరూ రాయరు.

సరే, 315 దగ్గరికొద్దాం. చట్టం ప్రకారం లైసెన్సున్న జమీందార్లకి, దొరలకి, టీ తోటల వాళ్ళకి వేట కావాలి కదా. పులులున్నాయి, దున్నలున్నాయి. మొదట్లో సైన్యం తూటానే వేటకీ వాడేవారు. కానీ వేటగాడి పెట్టెలో ఉన్న తూటా తిరుగుబాటుదారుడి దగ్గరున్న దొంగ రైఫిల్లో పట్టేస్తే? ఈ భయంతో 1907లో ఇండియాలోకి, సూడాన్‌లోకి .450 క్యాలిబర్ దిగుమతిని ఆపేశారు. పాత మార్టినీ గుండు ఆ సైజే మరి. దాంతో లండన్ తుపాకుల కంపెనీలన్నీ రాత్రికి రాత్రి .450ని వదిలేసి .465, .470, .475 అంటూ కొత్త సైజులు తయారుచేశాయి. ఇవాళ ఏనుగుల వేట తుపాకులంటే ప్రపంచమంతా .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ పేరు చెప్తుంది. ఆ అంకె ఏనుగు చర్మం మందం చూసి పెట్టింది కాదండీ బాబూ, మన మీద అనుమానంతో పెట్టింది!

.303 సంగతీ అంతే. దాని బదులు ఏమివ్వాలి? బీఎస్‌ఏ కంపెనీ (అవును, ఆ మోటార్ సైకిళ్ళ బీఎస్‌ఏనే, దాని పేరులో 'ఎస్ ఏ' అంటే చిన్న ఆయుధాలు) అదే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కి వేరే గొట్టం బిగించింది. ఆ గొట్టంలో పట్టే తూటా ఆస్ట్రియా-హంగరీ సైన్యానిది, 1888 ప్రాంతాల్లో పుట్టిన ఎనిమిది మిల్లీమీటర్ల మాన్‌లిషర్. ఎనిమిది మిల్లీమీటర్లని అంగుళాల్లోకి మార్చండి. పాయింట్ త్రీ వన్ ఫైవ్.

తాతగారు జీవితమంతా కలలు కన్న అంకె ఇదీ. పెద్దాపురం పందికీ, వియన్నా చక్రవర్తికీ ఇలా కుదిరింది లంకె. ఆ చక్రవర్తీ, ఆ దేశమూ 1918లోనే పోయాయి. ఆ సైన్యం తూటాని మాత్రం మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు స్వతంత్రం వచ్చాక కూడా తయారుచేస్తూనే వచ్చాయి, స్పోర్టింగ్ రైఫిల్ అని పేరు పెట్టి. ఉత్తరాదిలో పెళ్ళిళ్ళలో గాల్లోకి పేల్చేదీ ఇదే, నాటు కట్టాల్లో ఎక్కువగా పట్టేదీ ఇదే. పదహారు గ్రాముల బరువైన, నింపాదిగా వెళ్ళే తూటా. నిజానికి అడవిపందికి బాగానే పనిచేస్తుంది. డెన్వర్ పెద్దాయన చూస్తే ఎగతాళి చేస్తాడేమో గానీ, దగ్గర దూరంలో తీసిపారెయ్యాల్సినదేం కాదు.

స్వతంత్రం వచ్చింది, 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు, 1962 అక్టోబరు 1 నించి అమల్లోకొచ్చింది. ఆ రూల్స్ తెరిచి షెడ్యూల్ చూశాను. .303 గానీ, 7.62 గానీ, ఆ సైన్యం తూటాలు పట్టే ఇంకే బోరు రైఫిల్ గానీ మామూలు లైసెన్సుకి రాదు. కింద ఇంకో లైను. .410 మస్కెట్టు, ఆ మస్కెట్టు తూటా పట్టేది ఇంకేదైనా సరే, అదీ రాదు. అంటే తెల్లవాడు మన పోలీసుని కూడా నమ్మక గాడులు తొలిచేసిన తుపాకీని, మన ప్రభుత్వం వచ్చాక మన చేతికి ఇవ్వటానికి భయపడింది. పాత కోడ్‌బేస్ కొత్త టీమ్‌కి హ్యాండోవర్ అయితే ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఎవరో ఎప్పుడో ఏదో భయంతో పెట్టిన చెక్ ఉంటుంది, ఎందుకుందో ఎవరికీ తెలీదు, తీసేస్తే ఏం విరుగుతుందో అని ఎవరూ ముట్టుకోరు.

ఇంతా చెప్పి, నేను అమెరికా పద్ధతి మంచిదంటున్నానని అనుకోకండి. అక్కడ ఉన్న ఎనిమిది నెలల్లో రెండుసార్లు మా ఆఫీసులో 'తుపాకీ వాడొస్తే ఎక్కడ దాక్కోవాలి' అని ట్రైనింగ్ ఇచ్చారు. మా అపార్ట్‌మెంటు పక్క స్కూలు పిల్లలకి కూడా అదే డ్రిల్లు. .223 రైతుకి చవగ్గా దొరికితే ఇంకెవరికైనా చవగ్గానే దొరుకుతుంది. నా బాధల్లా వేరు. ఆంక్ష ఉండటం వేరు, ఆ ఆంక్ష దేనికోసం పుట్టిందో మర్చిపోయి మొయ్యటం వేరు.

అన్నట్టు ఎలుకల సంగతి చెప్పలేదు. ప్రెయిరీ డాగ్‌తో పోల్చాల్సింది నిజానికి పందిని కాదు, ఎలుకని. డెల్టా చేలల్లో ఎలుక మీద తుపాకీ ఎత్తినవాడు నాకు తెలిసి లేడు. వెదురు బద్దలు వంచి కట్టిన బుట్టలు గట్ల మీద పెట్టి పట్టేవాళ్ళు వచ్చేవారు, ఎలుకకి ఇంతని లెక్క. బొరియ నోటి దగ్గర కుండలో గడ్డి పెట్టి పొగ ఊదేవారు. మందు పెట్టటమైతే, నూకలు 96 పాళ్ళు, నూనె 2, బ్రోమాడయోలోన్ 2. పశ్చిమ గోదావరిలో మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో ఎలుకల మీద పనిగట్టుకుని పరిశోధన చేస్తారు, ఊరంతా ఒకేసారి పెట్టకపోతే పక్క చేలోంచి మళ్ళీ వచ్చేస్తాయని వాళ్ళు ఎప్పణ్ణించో మొత్తుకుంటున్నారు. అంతకు ముందునించీ ఉన్నది జింక్ ఫాస్ఫైడ్. తమాషా ఏంటంటే అమెరికాలో ప్రెయిరీ డాగ్‌లని నిజంగా తగ్గించాల్సొస్తే ప్రభుత్వం వాడేదీ జింక్ ఫాస్ఫైడే, నూకల బదులు ఓట్స్‌లో కలిపి. ఆ విషయం మా పెద్దాయనకి చెప్తే, "అవును, రైఫిల్ నా సరదాకి" అని ఒప్పేసుకున్నాడు. నిజాయితీ ఉన్న మనిషి.

ఇక నా సమస్య. తాతగారు పోయి ఏడాది కావస్తోంది. 315 రాలేదు. రెండుసార్లు అడిగారు, అవసరం కనపడట్లేదని సమాధానం. పన్నెండు బోరు ప్రతి ఎలక్షనుకీ స్టేషన్లో అప్పగించటం, రసీదు తెచ్చుకోవటం, ఫలితాలయ్యాక తెచ్చుకోవటం, ఆఖరికి 2024 మేలో కూడా ఆయనే ఆటోలో వెళ్ళి ఇచ్చొచ్చారు. ఓటు వెయ్యటం కంటే ఆ రసీదు జాగ్రత్త చెయ్యటానికే ఎక్కువ కష్టపడేవారు. ఒకసారి తిరిగిచ్చినప్పుడు గొట్టం లోపల తుప్పు పట్టి ఉంటే, రెండ్రోజులు కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తూ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడది ఒక డీలరు దగ్గర డిపాజిట్లో ఉంది. వారసుల్లో ఎవరైనా తమ పేరు మీద లైసెన్సుకి అర్జీ పెట్టుకోవాలి, లేదా అమ్మెయ్యాలి, లేదా సరెండర్ చెయ్యాలి. నాన్నగారికి కంటిచూపు ఆనదు, "నీ పేర పెట్టరా" అంటారు. అమ్మ "ఇంట్లోకి ఆ ఇనుము మళ్ళీ రావటానికి వీల్లేదు" అంటుంది. అర్జీ పెట్టాలంటే తుపాకీ వాడకంలో శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్టు తేవాలి. పొలం కౌలుకిచ్చేశాం, చెరుకు పోయి జీడిమామిడి వచ్చింది. 1972 వన్యప్రాణుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా పందిని కొట్టటానికీ లేదు. నేనుండేది హైదరాబాదులో, పదకొండో అంతస్తులో.

ఫారం డౌన్‌లోడ్ చేసి నింపుతున్నాను. పేరు, తండ్రి పేరు, చిరునామా, ఆయుధం రకం, బోరు, అన్నీ అయ్యాయి. లైసెన్సు ఎందుకు కావాలి అన్న గడి దగ్గర ఆగిపోయాను. డెన్వర్ పెద్దాయనకి ఫోన్ చేసి సరదాగా అడిగితే "మీ తాతది కాబట్టి అని రాయి, సరిపోదా?" అన్నాడు. నాన్నగారు ఆత్మరక్షణ అని రాయమంటున్నారు. అది అబద్ధం అవుతుంది. పంట రక్షణ అని రాస్తే అదీ అబద్ధమే.

నెలాఖరు దాకా టైముంది. మీ ఇళ్ళల్లో ఇలాంటి పాత తుపాకులు ఉండి, ఆ గడిలో ఏదో ఒకటి రాసినవాళ్ళుంటే ఏం రాశారో చెప్పండి.